ఇంటి వెనక కంచె ఎందుకు వంగింది? (ఐర్లాండ్ పల్లెలు, తొలి మధ్యయుగపు చర్చి)

లిఫీ దాటాక
అందరికీ నమస్తే. డబ్లిన్ అద్దెలు భరించలేక పోయినేడు ఒక పల్లెకి మారాం. ఊరి పేరు చెప్పను గానీ ‘కిల్’తో మొదలవుతుంది. ఆ మాటకొస్తే ఈ దేశంలో ఎటు చూసినా అవే బోర్డులు. కిల్డేర్, కిల్కెన్నీ, కిలార్నీ. “ఇంతమందిని ఎవరు చంపారే?” అని ప్రతి బోర్డు దగ్గరా మా ఆయన అనడం, ఆయనొక్కరే నవ్వుకోవడం.

అసలు సంగతి ఇది. మా ఇంటి వెనక పొలాల కంచెలన్నీ తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోతాయి. ఒక్కచోట మాత్రం ముళ్ల పొదల కంచె విల్లులా వంగుతుంది. నూటయాభై అడుగులు నడిస్తే గానీ ఆ వంపు తీరదు. లోపలి నేల చుట్టుపక్కల కంటే మోకాలెత్తు మిట్టగా ఉంది. ఆసామి ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన. ఆయన ట్రాక్టరు అక్కడిదాకా వచ్చి చుట్టుతిరిగి పోతుంది, లోపలికి పోదు. ఏమిటది అని అడిగితే “దాని జోలికి పోకమ్మా” అన్నాడు, అంతే. తెలిసినవాళ్లు చెప్తారా?

నాగులచవితి
దయ్యాల కోట అయ్యుంటుంది అక్కా! నేను కార్క్‌లో రెండేళ్లున్నా. ‘ఫెయిరీ ఫోర్ట్’ అంటారు, అందులో చెట్టు కొడితే అరిష్టమని అక్కడి రైతులకి భయం. మనవాళ్లు పుట్ట జోలికి పోనట్టే. ఒక మెటల్ డిటెక్టర్ కొని తిప్పి చూడండి. బంగారం దొరికితే నాకో వాటా.

పాతరాతి
@నాగులచవితి, డిటెక్టర్ మాట మరచిపో. ఐర్లాండ్‌లో లైసెన్సు లేకుండా పురావస్తువుల కోసం దాన్ని తిప్పడం నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి అలాంటి సలహాలు ఇవ్వకు బాబూ.

అక్కా, ముందు పేరు చూద్దాం. ‘కిల్’ అంటే చాలాచోట్ల చర్చి. లాటిన్ ‘చెల్లా’, అంటే చిన్న గది, ఐరిష్‌లోకి వచ్చి ‘కిల్’ అయింది. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు దగ్గరి చర్చి, సెయింట్ బ్రిజిడ్‌ది. కిల్కెన్నీ అంటే కెనెక్ అనే సాధువు చర్చి. కానీ తొందరపడి తేల్చకండి, ఐరిష్‌లో అడవిని ‘కొయిల్’ అంటారు. ఇంగ్లీషు గుమాస్తాలు పటాల మీద రెండిటినీ ‘కిల్’ అనే రాసి పారేశారు. కాబట్టి మీ ఊరు చర్చి ఊరో అడవి ఊరో ఐరిష్ పేరు చూస్తే గానీ తెలియదు. బోర్డు మీద పైన వాలు అక్షరాల్లో ఉంటుంది, చూడండి.

ఈ పేర్లలో పొరలున్నాయి. అన్నిటికంటే పాతది ‘డోనా’తో మొదలయ్యేది, డోనామోర్ లాంటివి. ‘ప్రభువుది’ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. 7వ శతాబ్ది నాటికే చర్చికి ఆ మాట వాడడం మానేశారు, కాబట్టి ఆ పేరున్న ఊళ్లో చర్చి చాలా తొలినాటిదని లెక్క. ‘డైసర్ట్’ అని ఉంటే ఒంటరి సన్యాసుల చోటు. ఎడారి అనే లాటిన్ మాటే అది. వానలు తప్ప ఏమీ ఎరగని దేశంలో ఎడారి! ఈజిప్టు ఇసుకలో తపస్సు చేసిన సాధువుల కథలు విని పెట్టుకున్న పేరు.

లిఫీ దాటాక
చూసొచ్చా. బోర్డు మీద ‘సి ఐ ఎల్ ఎల్’ అని ఉంది. అంటే చర్చే కదా? కానీ ఊళ్లో ఉన్న చర్చి పందొమ్మిదో శతాబ్దిది, రోడ్డుకి అటు పక్క. ఆ వంపు దగ్గర గోడ కూడా లేదు.

పాతరాతి
అవును, చర్చే. గోడ ఉండదు. తొలినాటి చర్చిలు చాలావరకు కర్రవి, ఎప్పుడో పోయాయి. మిగిలేది ఆవరణ. గుండ్రటి మట్టికట్ట, దాని పక్కన కందకం, మధ్యలో చిన్న చర్చి, సమాధులు. తర్వాతి కాలంలో పొలాలు పంచుకుని తిన్నగా కంచెలు వేసినప్పుడు పాత కట్ట అడ్డొస్తే దాన్నే కంచెగా వాడుకున్నారు. అందుకే ఆ ఒక్కచోట వంపు. కెల్స్, అర్మా లాంటి ఊళ్లలో వీధులే అలా వంగి ఉంటాయి. కార్లో పోయేవాడికి తెలియదు గానీ, తిప్పేది 1200 ఏళ్ల నాటి ఆవరణ.

అయితే @నాగులచవితి చెప్పినదీ కొట్టిపారేయలేం. అదే కాలంలో మామూలు రైతులూ గుండ్రటి కట్టలోపలే ఇల్లు కట్టుకుని పశువుల్ని కాపాడుకునేవారు. రింగ్‌ఫోర్ట్ అంటారు. దేశంలో 45,000 దాకా గుర్తించారు. చర్చి ఆవరణ సాధారణంగా వాటికంటే పెద్దది, అడ్డం నూరు మీటర్ల పైచిలుకు కూడా ఉంటుంది. వాకిలి తరచు తూర్పుకి. మీది అడుగులేసి కొలవండి.

చరిత్రప్రియ
మొత్తానికి సన్యాసులు వచ్చి అడవులు కొట్టి, చిత్తడి నేలలు బాగుచేసి, ఐర్లాండ్‌కి వ్యవసాయం నేర్పారన్నమాట. బడిలో ఇలాగే చదివిన గుర్తు.

పాతరాతి
ఆ బడి పాఠం సగమే. చెరువుల అడుగున, పీట్ అనే చిత్తడి నేలల్లో పొరలుపొరలుగా పడి ఉన్న పుప్పొడి లెక్క చూస్తే అడవి తగ్గి గడ్డి, పైరు పెరగడం 3వ శతాబ్ది నుంచే కనిపిస్తుంది. పోప్ సెలెస్టీన్ తొలి బిషప్పుగా పల్లేడియస్‌ని పంపింది 431లో. అంటే పొలం ముందు, ప్రార్థన తర్వాత. రోమన్ బ్రిటన్‌తో రాకపోకలు పెరిగి నాగలి, పాడి, కొత్త దేవుడు ఒకే దారిన ఒకరి వెనక ఒకరు వచ్చారని నా అభిప్రాయం.

ఇక ‘ఎడారి’ సంగతి. స్కెల్లిగ్ మైకల్ అనే సన్యాసుల దీవి నిజంగానే ఏకాంతం. సముద్రంలో నిటారు రాయి, 600 మెట్లు పైగా, తేనెతుట్టెల్లాంటి రాతి గుడిసెలు. 9వ శతాబ్దిలో సముద్రం మీద వచ్చే దోపిడీగాళ్లు వైకింగులు అక్కడికీ వెళ్లి దోచారు, అది వేరే కథ. కానీ పెద్ద మఠాల్ని చూడండి. క్లొన్‌మక్‌నాయిస్ షానన్ నది ఒడ్డున, తూర్పు పడమరలుగా దేశాన్ని దాటే పెద్ద రహదారి నదిని కలిసే చోట ఉంది. అక్కడ నది అడుగున ఓక్ దుంగల వంతెన బయటపడింది, చెట్టు వలయాలు లెక్కపెడితే క్రీ.శ. 804 నాటిదని తేలింది. ఏకాంతం కోరుకునేవాళ్లు జంక్షన్లో కాపురం పెడతారా?

రైన్ ఒడ్డున
మా జర్మనీలో క్రైస్తవం వచ్చిన కథ ఇంకాస్త మోటుగా నడిచింది. 723 ప్రాంతంలో సెయింట్ బోనిఫేస్ గైస్మార్ దగ్గర డోనర్ అనే పాత ఉరుముల దేవుడి ఓక్ చెట్టును జనం చూస్తుండగా నరికేసి, ఆ కలపతోనే ప్రార్థనామందిరం కట్టించాడని ఆయన చరిత్రలో ఉంది. దీనికి సరిగ్గా ఎదురు, 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్‌కి పంపిన ఉత్తరం: గుళ్లు పడగొట్టొద్దు, విగ్రహాలు తీసి చర్చి చేయండి, జనం ఎద్దుల్ని బలిచ్చే అలవాటుకి బదులు చర్చి పండగ రోజున కొమ్మలతో పందిళ్లు వేసుకుని విందు చేసుకోనివ్వండి అని.

చరిత్రప్రియ
అదే నేననేది! పాత గుళ్ల మీద కట్టినవే అన్నీ. ఇప్పుడు మన దగ్గర కూడా

వేదిక నిర్వాహకులు
ఇక్కడే ఆగండి. ‘మన దగ్గర’ రాజకీయం ఈ దారంలోకి వద్దు. ఆ వాక్యం తర్వాతి భాగం తీసేశాం. 5 నుంచి 12వ శతాబ్ది, ఐరోపా పల్లెలు. అంతే.

సర్వే నంబరు
నేను సర్వేయర్‌గ ముప్పై ఏండ్లు చేసి రిటైర్ అయిన. హద్దుల ముచ్చట కాబట్టి అడుగుతున్న. చర్చి రాకముందు ఈ ఊళ్లకు హద్దులు ఎట్ల తెలిసేవి? రాళ్లు పాతిండ్రా? మా దిక్కు శివారు అంటే వాగు, గుట్ట, పెద్ద చెట్టు, లేకుంటే ఎవరిదో సమాధి. పాత రాగి శాసనాలల్ల కూడ గట్లనే రాసి ఉంటది, తూర్పున చింతచెట్టు, దక్షిణాన పుట్ట అని.

పాతరాతి
సర్వేయర్ గారూ, ‘ఎవరిదో సమాధి’ అన్నారు చూడండి, జవాబు అదే. పాత ఐరిష్ చట్టాల్లో ‘ఫెర్ట్’ అని ఉంది. వంశంలో పూర్వీకుల్ని పూడ్చిన దిబ్బ. దాన్ని ఊరి మధ్యలో కాదు, పొలిమేర మీద పెట్టుకునేవారు. ఆ చచ్చినవాళ్లే కాపలా. ఒక నేల నాదేనని ఎవడైనా దావా వేయాలంటే కాగితం ఉండదు కదా, సాక్షిని వెంటబెట్టుకుని రెండు గుర్రాలతో ఆ దిబ్బ దాటి లోపలికి రావాలి. అవతలివాడు మధ్యవర్తిత్వానికి ఒప్పుకోకపోతే కొన్నాళ్లాగి నాలుగు గుర్రాలతో. అప్పటికీ ఒప్పుకోకపోతే ఎనిమిది గుర్రాలతో వచ్చి, రాత్రి అక్కడే నిప్పు రాజేసుకుని పడుకోవాలి.

చర్చి చేసిన అసలు మార్పు ఇక్కడ జరిగిందంటాను నేను. చచ్చినవాణ్ని పొలిమేర నుంచి తీసి సాధువు పక్కకి తెమ్మంది. వెంటనే ఎవరూ వినలేదు. ఈమధ్య మోటార్‌వేలు వేసినప్పుడు తవ్వకాల్లో చర్చి జాడే లేని కుటుంబ శ్మశానాలు 8వ శతాబ్ది దాటాక కూడా వాడుకలో ఉన్నవి బయటపడ్డాయి. బాప్తిస్మం ఎప్పుడో తీసుకున్నారు, తాతల పక్కన పడుకోవడం మాత్రం మానలేదు.

సర్వే నంబరు
రెండు, నాలుగు, ఎనిమిది గుర్రాలు! మనకాడ కబ్జా కేసులల్ల ఇదే పద్ధతి, గుర్రాలకు బదులు జేసీబీలు.

మరి చర్చి భూములకు హద్దు ఎట్ల?

పాతరాతి
😀 చర్చి భూమికి ‘టెర్మన్’ అని పేరు. లాటిన్‌లో హద్దుకి ఉన్న మాటే. లౌత్ కౌంటీలో టెర్మన్‌ఫెకిన్ అనే ఊరుంది, ఫెకిన్ అనే సాధువు హద్దు అని. ఆ హద్దు లోపలికి పరిగెత్తి వచ్చినవాణ్ని పట్టుకోకూడదు, రక్తం చిందకూడదు. హద్దు చూపడానికి శిలువ రాళ్లు నిలిపేవారు. 8వ శతాబ్దిలో కూర్చిన చర్చి చట్టాల్లో మూడు వలయాల మాట ఉంది: పవిత్రం, మరింత పవిత్రం, అతి పవిత్రం. ఒక్కో వలయంలోకి ఎవరు రావచ్చో వేరువేరు నియమాలు. నెండ్రం మఠంలో మూడు రాతి గోడలు ఒకదానిలో ఒకటి ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ భూముల్ని దున్నింది గుండు చేయించుకున్న సన్యాసులు కాదు. ‘మనఖ్’ అని పిలిచేవారు, సన్యాసికి ఉన్న మాటే, కానీ పెళ్లాం పిల్లలున్న కౌలు రైతులు. పంటలో పదో వంతు, తొలి ఫలం, ఒంటి చాకిరీ చర్చికి. బదులుగా బాప్తిస్మం, ప్రార్థన, చచ్చాక చోటు. పై పెత్తనం తండ్రి నుంచి కొడుక్కి పోయే ధర్మకర్తది. ‘ఎరినా’ అనేవారు. అల్‌స్టర్‌లో 1609లో ఇంగ్లీషువాళ్లు భూములు లెక్కరాస్తే ఈ ఎరినాల కుటుంబాలు ఇంకా ఆ నేల మీదే ఉన్నాయి. అక్కా, మీ ఊళ్లో మెకినర్నీ అనే ఇంటిపేరు ఉంటే దాని అర్థం ఎరినా కొడుకు అని.

సర్వే నంబరు
ఇనాం భూమి అన్నట్టు. సమజైంది.

పాడి-పంట
హద్దులు సరే, నాకు పశువుల లెక్క కావాలి. మాది తెనాలి పక్క, ముప్పై గేదెలు, ఆరు ఆవులు. డబ్లిన్‌లో మా మేనల్లుడు కెల్స్ గ్రంథం చూపించాడు పోయినసారి, దూడ తోలు మీద బొమ్మలతో రాసిన పాత సువార్తల పుస్తకం. అద్దాల పెట్టెలో ఒక పేజీ తెరిచి పెట్టారు. జనమంతా బొమ్మ చూస్తున్నారు, నేను తోలు చూశా. అక్షరాల మధ్య ఖాళీలో సూదిమొన పొడిచినట్టు సన్నటి చుక్కలు, వెంట్రుక మొలిచిన చోట్లు. దూడ మెడ మీద చెయ్యేసి నిమిరినవాడికి తెలుస్తుంది అది. ఎన్ని దూడలు పోయాయంటారు దానికి?

పాతరాతి
340 ఆకులు. ఒక దూడ చర్మానికి మధ్యకి మడిచిన ఒక పెద్ద ముక్క, అంటే రెండు ఆకులు. సుమారు 185 దూడలని అంచనా. ఇంగ్లండ్‌లో వేర్‌మత్-జారో జంట మఠాలవాళ్లు చేసిన పెద్ద బైబిల్‌కి 500 పైగా. అలాంటివి మూడు చేయించాడు అబాట్ చెయోల్‌ఫ్రిత్. ఆ జంట మఠాలకి రాజు ఇచ్చిన భూమి 70, 40 హైడ్లు. హైడ్ అంటే ఒక కుటుంబానికి సరిపడా నేల. పచ్చిక లేకుండా పుస్తకం లేదన్నమాట.

పాడి-పంట
185 దూడలు ఒక్క ఈతలో కోసేస్తే మంద నాశనం. కోడెదూడల్నే తీసుంటారు, పెయ్యల్ని ఉంచుంటారు. కానీ ఇంకో చిక్కుంది. దూడ మూతి పెట్టకపోతే నాటు ఆవు చేపదు. దూడని పుట్టగానే కోస్తే పాలు ఎలా పిండారు? మా నాన్న చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ఆవు ముందు పెట్టడం నేను చూశాను.

పాతరాతి
మీరు కూర్చున్న చోటినుంచి పురాతత్వవేత్తల పెద్ద వాదాన్ని పట్టుకున్నారు. సరిగ్గా ఈ ‘చేపడం’ మీదే అక్కడ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఎముకల్లో పెద్ద వయసు ఆవులు ఎక్కువ, మగవి తక్కువ, అంటే పాడి మంద. మగవాటిని ఏ వయసులో కోశారన్నదే తగువు. చట్టాల్లో జరిమానాలు, కన్యాశుల్కం చాలావరకు పాడి ఆవుల్లోనే లెక్క. ఇంకొకటి, 731లో బీడ్ అనే ఇంగ్లీషు సన్యాసి రాశాడు: ఐర్లాండ్‌లో చలికాలానికి ఎవరూ ఎండుగడ్డి దాచరు, కొట్టం కట్టరు అని.

పాడి-పంట
గడ్డివామి వేయక్కర్లేని దేశం! ఇంక సన్యాసులు కాక ఎవరవుతారు.

గోదారిగట్టు
చర్చి వల్ల నీళ్ల విషయంలో ఏమైనా మారిందా? కాలవలూ అవీ.

పాతరాతి
నీటి మరలు. నెండ్రం దగ్గర సముద్రపు ఆటుపోట్లతో తిరిగే మర దొరికింది. పోటు నీళ్లని కట్టకట్టి పట్టి, ఆటు మొదలయ్యాక వదిలేవారు. దాని కలప 619 నాటిది. మఠంవాళ్లదే. చక్రం మన ఊహలో ఉన్నట్టు నిలువుగా ఉండదు, నేలకి సమంగా పడుకుని ఉంటుంది. చుట్టూ గరిటెల్లాంటి ఓక్ రెక్కలు. తొలిచిన దుంగ గొట్టంలోంచి నీళ్లు ఆ గరిటెల్ని కొడితే ఇరుసు తిరుగుతుంది, ఇరుసు పైకొస తిరగలి పై రాయికే బిగించి ఉంటుంది. పళ్లచక్రాలేమీ లేవు, చక్రం ఒక చుట్టు తిరిగితే రాయి ఒక చుట్టు. చర్చి ఒక్కటే కట్టలేదు లెండి, రైతు కుటుంబాలూ కలిసి కట్టుకున్నాయి. 7వ శతాబ్ది చట్టం ఒకటి అచ్చంగా దీనికోసమే ఉంది: మర కాలవ మీ చేనులోంచి పోతే అడ్డుపడకూడదు, కానీ మీకు పరిహారమో, మరలో మీ వంతు రోజులో రావాలి.

గోదారిగట్టు
ఆ చట్టం పేరేమిటి?

పాతరాతి
తెలుగులో చెప్పాలంటే ‘కాలవ నీటి బంధుత్వం’. నిజంగా అలాగే ఉంటుంది పేరు.

గోదారిగట్టు
అబ్బ. మా బోదె మీద ఉన్న నలుగురికీ బంధుత్వం తప్ప అన్నీ ఉన్నాయి.

చరిత్రప్రియ
ఒక మాట, రాజకీయం కాదు. పవిత్ర బావుల సంగతేమిటి? ఐర్లాండ్‌లో వేలల్లో ఉన్నాయట, చెట్లకి గుడ్డపీలికలు కడతారు. మన ముడుపుల్లాగే. అవైనా పాత మతానివి కావా?

పాతరాతి
కొన్ని కావచ్చు. దాదాపు 3,000 బావులంటారు. కానీ ‘ఇది క్రైస్తవానికి ముందుది’ అని ప్రతి బావికీ చెప్పేది 19వ శతాబ్ది నుంచి వచ్చిన ఉత్సాహం. తవ్వి చూసిన ఆధారం కొన్నింటికే. క్రోపాట్రిక్ కొండ అయితే గట్టి ఉదాహరణ. జులై చివరి ఆదివారం జనం ఎక్కుతారు, అది పాత కోతల పండగ లూనసాకి ఆనుకుని ఉంటుంది. శిఖరం మీద తవ్వితే చిన్న రాతి ప్రార్థనామందిరం దొరికింది, కాలం 430 నుంచి 890 మధ్య. అంతకుమించి నేను ఒట్టేయను.

లిఫీ దాటాక
రెండు వారాలుగా వాన, ఇవాళ ఎండ కాసింది. కొలిచాను. వంపు బట్టి మా ఆయన ఫోన్లో వృత్తం గీస్తే అడ్డం 95 మీటర్ల దాకా వచ్చింది. తూర్పు వైపు కట్ట ఒకచోట తెగి ఉంది, బండి పట్టేంత. లోపల ఒక రాయి, దాని నడుమ రోలు గుంటలా నున్నగా ఉంది, వాననీళ్లు నిండి. అమ్మమ్మ వాళ్ల పెరట్లో పచ్చడి రోలు గుర్తొచ్చి చెయ్యి పెట్టబోయి ఆగా.

పాతరాతి
ఆ రాయిని ‘బుల్లాన్’ అంటారు. తొలినాటి చర్చిల దగ్గరే ఎక్కువ కనిపిస్తాయి. ధాన్యం దంచారో, మూలికలు నూరారో, తేలలేదు. మీది చర్చి ఆవరణే అక్కా, నాకు దాదాపు సందేహం లేదు.

సర్వే నంబరు
బిడ్డా, పాత పటం చూసినవా? ఐర్లాండ్ మొత్తం 1840ల కల్ల మైలుకు ఆరు అంగుళాల లెక్కన కొలిచిండ్రు, ఆర్డ్‌నెన్స్ సర్వే. నేను ట్రైనింగ్ల చదివిన. కొలతలల్ల దానికి సాటి లేదు. ఆన్‌లైన్ల దొరుకుతయి. మీ ఊరు తీసి, ఆ వంపు కాడ ఏం రాసి ఉందో చదువు. చిన్న అక్షరాలుంటయి, పెద్దగ చేసి చూడు.

లిఫీ దాటాక
చూశాను. వంపు ఉంది, పూర్తి వలయంగానే గీశారు. అప్పటికి సగం కట్ట పోలేదన్నమాట. లోపల రెండు మాటలు రాసి ఉన్నాయి. ‘కిల్లీన్’ అని, కింద ‘చిల్డ్రన్స్ బరియల్ గ్రౌండ్’ అని. ఊళ్లో పెద్ద శ్మశానం ఉండగా పిల్లలకి విడిగా ఎందుకు?

పాతరాతి
కిల్లీన్ అంటే చిన్న కిల్. అక్కా, ఇది చదవడానికి బాగుండదు. బాప్తిస్మం ఇవ్వకముందే పోయిన పిల్లల్ని చర్చి శ్మశానంలో పూడ్చనిచ్చేవారు కాదు. వాడుక తప్పిన పాత చర్చి ఆవరణల్లో, పొలిమేరల మీద, చెరువు గట్ల మీద, రాత్రిపూట తండ్రో మేనమామో ఒక్కడే వెళ్లి పూడ్చి వచ్చేవాడు. పేరు రాయరు, ఎక్కడిదో ఒక రాయి తలదగ్గర పెడతారు. ఈ వాడకం ఎక్కువగా 1600ల తర్వాతిది, కానీ చోటు మాత్రం ఆ తొలినాటి చర్చిదే. ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. కొన్నిటిలో 1960ల దాకా పూడ్చారు.

పాడి-పంట
1960లా?

లిఫీ దాటాక
ఆసామికి ఎనభై దగ్గర. లెక్క వేసుకుంటున్నా.

ఇందాక సాయంత్రం ఆయన కంచె పక్కన కనిపిస్తే పటం చూశానని చెప్పాను, అంతే, ఏమీ అడగలేదు. కాసేపు ట్రాక్టరు మీదే కూర్చున్నాడు. తర్వాత దిగి, మట్టికట్ట తెగిన చోట ఆగి టోపీ తీశాడు. “మా అమ్మకి చోటు తెలుసు. నాకు చూపించలేదు” అన్నాడు.

సర్వే నంబరు
ఆ పటం మీద గుర్తు పెట్టి ఎవరికన్న ఇయ్యి బిడ్డా. రేపు పొలం అమ్మిండ్రనుకో, కొన్నోడికి తెల్వదు.

పాతరాతి
నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ వాళ్ల పటంలో ముందే ఉందేమో చూడండి. లేకపోతే వాళ్లకి రాయండి. ఆసామిని అడిగాకే.